వాంతులు కాకపోతే బిడ్డ ఎదగనట్టేనా?

టంగుటూరు నుంచి మా పిన్ని కూతురు రాత్రి పదిన్నరకు ఫోన్ చేసింది. నెల తప్పిందట, టెస్టులో రెండు గీతలు వచ్చాయట. సంతోషంగా చెప్పాల్సిన కబురు ఏడుస్తూ చెప్పింది.

"అక్కా, నాకు వాంతులు రాట్లేదు. పొద్దున చేపలు కడిగేటప్పుడు గిన్నె మీదకి వంగి కావాలనే వాసన చూశా. ఏం కాలా. మధ్యాహ్నం అదే పులుసుతో రెండోసారి కూడా అన్నం పెట్టుకుని తిన్నా. లోపల బిడ్డ ఉన్నట్టేనా?"

ముందు నవ్వొచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల వాంతి రావాలని చేపల గిన్నె ముందు కూర్చోవడం ఎక్కడైనా ఉందా? ఫోన్ పెట్టేశాక మా ఇంటి వాట్సాప్ గ్రూపు తెరిచి చూస్తే నవ్వు పోయింది. ఆ సాయంత్రమే మా పెద్దమ్మ ఒక మెసేజ్ పంపి ఉంది. పైన రెండు బాణాల గుర్తు, అంటే అప్పటికే ఎన్నో ఊళ్లు తిరిగొచ్చిన సరుకు. అందులో ఉన్నది ఇదీ:

"గర్భిణులకు హెచ్చరిక. ఆరో వారానికి వాంతులు, రొమ్ముల నొప్పి, నీరసం లేకపోతే బిడ్డ ఎదగడం లేదని అర్థం. ఉన్న లక్షణాలు ఒక్కసారిగా పోతే గుండె ఆగినట్టే. వాంతులు ఎంత ఎక్కువైతే బిడ్డ అంత క్షేమం. ఏ లక్షణమూ లేనివాళ్లు వెంటనే హార్మోన్ మాత్రలు మొదలుపెట్టాలి. పదిమందికి పంపి ఒక ప్రాణం కాపాడండి." కింద సంతకం "ప్రముఖ గైనకాలజిస్ట్". పేరు లేదు, ఊరు లేదు.

నేను అల్లూరు వైపు పద్నాలుగేళ్లుగా ఏఎన్ఎంగా చేస్తున్నాను. డాక్టర్ని కాదు. కానీ నెల తప్పినవాళ్లను ఇళ్లకెళ్లి పలకరించడం, కార్డు రాయడం, మాత్రలివ్వడం నా రోజువారీ పని. ఈ మెసేజ్‌లోని ఒక్కో మాటా ఏ ఇంట్లో ఎట్టా పనిచేస్తుందో నాకు తెలుసు. అందుకే వరసగా జవాబు రాస్తున్నాను.

"ఆరో వారానికి వాంతులు రాకపోతే..." అన్నది మొదటి మాట. అసలు ఆరో వారం అంటే ఎప్పుడు? డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి. నెల తప్పిన రోజుకే నాలుగు వారాలు నిండినట్టు రాస్తారు. ఆ లెక్క కూడా 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లకే సరిగ్గా కుదురుతుంది. మా చెల్లెలికి మొదట్నుంచీ 40 రోజులకోసారి. అండం విడుదలయ్యేదే పన్నెండు రోజులు ఆలస్యంగా. ఫోన్ చేసిన రోజుకి ఆమెకు 44వ రోజు. కాగితం మీద ఆరు వారాలు దాటింది, కడుపులో ఉన్నదానికి మాత్రం నాలుగున్నర వారాలే. వాంతులు సాధారణంగా ఆరో వారం దగ్గర మొదలై, తొమ్మిదో వారం ప్రాంతంలో ముదిరి, పన్నెండు నుంచి పదహారు వారాల మధ్య చాలామందికి తగ్గిపోతాయి. మొదలు కావాల్సిన సమయమే రాకుండా రాలేదని ఏడ్చింది ఆ పిల్ల. పీసీవోడీ అనే అండాశయాల సమస్య ఉండి నెలసరి అటూ ఇటూ అయ్యేవాళ్లందరిదీ ఇదే తంటా.

సరే, సమయం వచ్చినా రాలేదనుకుందాం. పదిమంది గర్భిణుల్లో ఏడెనిమిది మందికి వికారమో వాంతులో ఉంటాయి. మిగతా ఇద్దరు ముగ్గురికి ఏమీ ఉండవు. ఆ ఇద్దరు ముగ్గురూ బిడ్డల్ని కనకుండా పోతే మన ఊళ్లలో బళ్లు పావు వంతు ఖాళీగా ఉండేవి. నా రిజిస్టర్లో వేవిళ్లే ఎరగని తల్లులు చాలామంది ఉన్నారు. ఒకావిడైతే నాలుగో నెల దాకా నాట్లకు పోయింది, నెలసరి ఎప్పుడూ అంతేలే అనుకుని. బిడ్డకేం కాలేదు. అంత ఆలస్యంగా కార్డు రాయించుకున్నందుకు మాత్రం నా దగ్గర నాలుగు తిట్లు తినింది.

కొందరికి ఎందుకు వస్తాయి, కొందరికి ఎందుకు రావు? దీనికి కొంత జవాబు ఈమధ్యే దొరికింది. 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అందులో పనిచేసిన మార్లీనా ఫెజో అనే శాస్త్రవేత్త తానే 1999లో విపరీతమైన వాంతులతో మంచం పట్టి బిడ్డను పోగొట్టుకున్న మనిషి. వాళ్లు చెప్పిందేమిటంటే, గర్భంలో పెరిగే పిండం, మాయ కలిసి జీడీఎఫ్15 అనే హార్మోన్‌ను తల్లి రక్తంలోకి వదులుతాయి. అది మెదడులో వికారం పుట్టించే చోట పనిచేస్తుంది. అయితే గర్భం రాకముందే ఒంట్లో ఆ హార్మోన్ ఎక్కువగా ఉండి, దానికి అలవాటుపడిన ఆడవాళ్లకు వాంతులు తక్కువ. అలవాటు లేనివాళ్లకు ఒక్కసారిగా పెరిగేసరికి తల తిరిగిపోతుంది. మిరపకాయ కారం అలవాటైన నోటికీ కానినోటికీ ఉన్న తేడాలాంటిదే. వాంతి లేకపోవడానికి తల్లి ఒంటి తీరే కారణం కావచ్చు. దాన్ని పట్టుకుని బిడ్డ సంగతి తేల్చలేం.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఈ మెసేజ్ గాల్లోంచి పుట్టలేదు. 2016లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. అంతకుముందు ఒకట్రెండుసార్లు గర్భం పోయిన దాదాపు 800 మందిని గమనిస్తే, వికారం, వాంతులు ఉన్నవాళ్లలో మళ్లీ గర్భం పోవడం బాగా తక్కువగా కనిపించింది. వాంతులతో అల్లాడేవాళ్లకు అది ధైర్యం చెప్పే కబురు. దాన్నే ఎవరో తిరగేసి వాంతులు లేనివాళ్లను భయపెట్టడానికి వాడారు. మా చెల్లెలి అత్తగారిది పొగాకు ఇల్లు, ఆమెకు ఇట్టా చెబితే అర్థమైంది: బ్యారన్ గొట్టంలోంచి పొగ వస్తుంటే లోపల ఆకు ఉందని చెప్పొచ్చు. పొగ రావట్లేదు కాబట్టి ఆకే లేదని ఎవరైనా అంటారా? మంట ఆపి ఆకుని పదునుకు వదిలి ఉండొచ్చు. తెలియాలంటే తలుపు తీసి చూడాలి.

"ఉన్న లక్షణాలు పోతే గుండె ఆగినట్టే." ఇది అన్నిటికన్నా పాపిష్టి మాట. వికారం ఒకరోజు ఉంటుంది, రెండు రోజులు ఉండదు, మళ్లీ వస్తుంది. రొమ్ముల నొప్పీ అంతే. టెస్టులో గీత చూపించే హెచ్‌సీజీ హార్మోన్ మొదటి వారాల్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ ఎనిమిది నుంచి పదకొండు వారాల మధ్య శిఖరానికి చేరి, అక్కణ్నుంచి దిగుతుంది. ఒళ్లు తేలికపడేది కూడా చాలామందికి ఆ తర్వాతే. మూడో నెల దాటుతుండగా ఆకలి తిరిగొచ్చిందని సంబరపడాల్సిన ఆడపిల్ల ఈ మెసేజ్ చదివి రాత్రంతా రొమ్ములు నొక్కి చూసుకుంటుంది. అట్టాంటివాళ్లను చూశాను.

మరి లోపల గుండె ఆగిపోయినా బయటికి తెలియకుండా ఉండటం జరగదా? జరుగుతుంది. దాన్నే మిస్డ్ అబార్షన్ అంటారు. తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా పోతాయి, ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. కాకపోతే దాన్ని తేల్చేది స్కాన్. లోపలి నుంచి చేసే స్కాన్‌లో ఐదో వారానికి పిండం పెరిగే సంచి, ఆరో వారం ప్రాంతంలో గుండె కొట్టుకోవడం కనిపిస్తాయి. పొట్ట మీద నుంచి చేస్తే ఇంకో వారం ఆలస్యం. అంతకన్నా ముందే పరిగెత్తి స్కాన్ చేయించుకుంటే "ఏమీ కనపడట్లేదు" అన్న మాట వినాలి, దానికో ఏడుపు. పిండం 7 మిల్లీమీటర్లకు చేరినా గుండె కొట్టుకోకపోతే, లేదా సంచి 25 మిల్లీమీటర్లకు చేరినా లోపల పిండం లేకపోతే అప్పుడు గర్భం పోయిందంటారు. అంతకన్నా చిన్నగా ఉంటే కనీసం వారం ఆగి మళ్లీ చూడాలి. మొదటి స్కాన్‌తోనే క్లీన్ చేయించేద్దామని ఎవరైనా తొందరపెడితే, కొలతలెంతో అడగండి. వారాల లెక్క తప్పిన బిడ్డ కూడా అయి ఉండొచ్చు.

"వాంతులు ఎంత ఎక్కువైతే బిడ్డ అంత క్షేమం" అన్నదానికి నా కడుపే సాక్ష్యం. నా తొలిచూలులో పళ్లు తోముకోవడం కూడా గండమే. మా అమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని వెనకే తిరిగేది. ఇన్ని వాంతులంటే బిడ్డ గట్టిదని ఊరంతా చెప్పారు, నేనూ నమ్మాను. తొమ్మిదో వారంలో స్కాన్ చేస్తే గుండె లేదు. ఆ మాట విని బయటికొచ్చి మెట్ల మీద వాంతి చేసుకున్నాను. మాయ ఇంకా హార్మోన్ వదులుతూనే ఉంటుందిగా, ఒంటికి కబురు ఆలస్యంగా అందుతుంది. రెండోసారి నాకు వికారమే లేదు. ఐదో నెలలో కడుపు కదిలేదాకా అనుమానమే. ఆ పిల్ల ఈ యేడు ఆరో తరగతి.

నా సంగతి పక్కనపెట్టండి. ముత్యాల గర్భం అని ఒకటుంది. బిడ్డకు బదులు ద్రాక్షగుత్తిలా నీటి బుడగలు పెరుగుతాయి. హెచ్‌సీజీ విపరీతంగా ఉంటుంది, వాంతులూ విపరీతమే కావచ్చు. ఈ మెసేజ్ లెక్కన అదే అన్నిటికన్నా క్షేమమైన గర్భం అవ్వాలి. మామూలు గర్భంలోనైనా నీళ్లు కూడా నిలవకుండా రోజంతా కక్కుకుంటే, మూత్రం తగ్గి ముదురు పచ్చగా వస్తుంటే, బరువు పడిపోతుంటే సెలైన్ పెట్టాల్సిన పరిస్థితి. అంతా బిడ్డ మంచికేలే అని ఇంట్లో కూర్చోబెడితే తల్లికే ముప్పు.

ఇక హార్మోన్ మాత్రలు. ప్రొజెస్టరాన్ మాత్రలు మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునేవాళ్లను నేను ఎరుగుదును. ఈ మందు ఎవరికి పనిచేస్తుందో చూడటానికి బ్రిటన్‌లో 4,000 మందికి పైగా ఆడవాళ్ల మీద పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. మొదటి నెలల్లో రక్తస్రావం అయి, అంతకుముందు కూడా గర్భం పోయినవాళ్లకు కొంత మేలు కనిపించింది. అట్టాంటివాళ్లకు డాక్టర్లు చూసి రాస్తారు. ఊరికే వాంతులు లేనివాళ్లకు వాడమని అందులో ఎక్కడా లేదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల లోపం వల్ల పోతాయి, అవి మాత్రతో నిలిచేవి కావు. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఈ మాత్రలు వేసుకుంటే రొమ్ములు నొప్పెడతాయి, మత్తుగా ఉంటుంది, పొట్ట ఉబ్బరిస్తుంది. "చూశారా, మాత్రలు వేసుకోగానే లక్షణాలొచ్చాయి" అనిపిస్తుంది. వచ్చినవి మాత్ర లక్షణాలు.

అన్నట్టు, అదే గ్రూపులో మర్నాడు పొద్దున మా మామయ్య ఒకాయన "వాంతులు లేకపోతే మగబిడ్డే" అని పెట్టాడు. రాత్రి లేని బిడ్డ తెల్లారేసరికి మగబిడ్డ అయ్యాడు. విపరీతమైన వాంతులున్నవాళ్లను వేలల్లో లెక్కేస్తే ఆడపిల్లలు కాస్త ఎక్కువన్నది నిజమే. ఆ కొద్ది తేడాతో ఒక ఇంట్లో ఎవరు పుడతారో చెప్పలేం. స్కాన్ చేయించి తెలుసుకోవాలని చూడటమూ 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నేరమే.

లక్షణాలు లేకపోవడంలో నాకు కనిపించే అసలు ఇబ్బంది వేరే. ఏమీ లేదు కదా అని ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టరు. బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది. రోజుకు 400 మైక్రోగ్రాముల ఆ చిన్న మాత్ర అప్పటికే ఒంట్లో ఉండాలి. ఆశా దగ్గర గర్భం ఉందో లేదో చూసుకునే నిశ్చయ్ కిట్ ఊరికే దొరుకుతుంది, పన్నెండు వారాల్లోపు కార్డు రాయించుకోవాలి.

భయపడాల్సినవి కొన్ని ఉన్నాయి. రక్తం కనపడటం, పొత్తికడుపులో ఒకవైపు పట్టేసే నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం. గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచిన గర్భం నూటికి ఒకటి రెండు ఉంటాయి, అది పగిలితే గంటల వ్యవహారం. అప్పుడు గ్రూపులో అడక్కుండా 108కి ఫోన్ చేయాలి.

మా చెల్లెల్ని పద్దెనిమిది రోజులు ఆగమన్నాను. ఆగింది, ఎట్టా ఆగిందో ఆమెకే తెలియాలి. ఒంగోల్లో స్కాన్ చేయించుకుంది. చివరి నెలసరి లెక్కన తొమ్మిది వారాలకు దగ్గర పడింది, తెర మీద బిడ్డ ఏడు వారాల సైజులో ఉంది, గుండె కొట్టుకుంటోంది. సైజు తక్కువుందని మళ్లీ కంగారుపడబోతే డాక్టరమ్మే 40 రోజుల లెక్క వేసి తేదీ మార్చి రాసింది.

పోయిన ఆదివారం మళ్లీ ఫోన్ చేసింది. ఇప్పటికీ వాంతుల్లేవు. "అక్కా, ఫోలిక్ యాసిడ్ అయిపోవచ్చింది, ఇంకో షీటు తెచ్చుకోనా?" అని అడిగి, వాళ్లాయన కొరమీను తెచ్చాడని, పులుసులో మామిడికాయ వేస్తున్నానని చెప్పి పెట్టేసింది.