నవంబర్లో పోయే డబ్బు: అనంతపురం కట్టె గానుగల అసలు లెక్క

అనంతపురం, గుంతకల్లు, ఉరవకొండ, కళ్యాణదుర్గం... ఏ ఊరి బజారుకు వెళ్లినా ఇప్పుడు ఒక కట్టె గానుగ బోర్డు కనిపిస్తుంది. శనక్కాయ పండే నేల, ఇంటి నూనె రుచి మరిచిపోని జనం, రెండు మూడు లక్షల్లో వచ్చే యంత్రం. పెట్టేటప్పుడు అన్నీ కలిసొచ్చినట్టే ఉంటాయి. రెండో ఏడో మూడో ఏడో షట్టర్ దిగిపోతే, ప్యాకెట్ నూనె ముందు నిలవలేకపోయాడంటారు. అది సగమే నిజం. గానుగ దెబ్బతినేది అమ్మకం దగ్గర కాదు, అంతకుముందే కొనుగోలు దగ్గర. కాయ కోతల వేళ, నవంబర్ చుట్టూ రెండు నెలల్లో కొనాలి, నూనె పన్నెండు నెలలు అమ్మాలి. ఆ మధ్య కాలాన్ని ఎవరి డబ్బుతో గడుపుతున్నామన్నదే ఈ వ్యాపారంలో మొదటి ప్రశ్న. యంత్రం ఎవరిది, రోలు ఏ కట్టెది అన్నవి తర్వాతి సంగతులు.

ముందు కాయ సంగతి. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 7,263 రూపాయలు. మార్కెట్ ధర దీనికి అటూ ఇటూ ఆడుతుంది కానీ లెక్కకు దీన్నే పట్టుకుందాం. గింజ బాగా ఊరిన ఏడాది క్వింటా కాయ ఒలిస్తే 70 కిలోల పప్పు వస్తుంది. కిలో పప్పు 104 రూపాయలు పడుతుంది. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే పప్పు 60 కిలోలకు పడిపోతుంది. అదే బస్తా, అదే ధర, కిలో పప్పు మాత్రం 121.

పప్పులో నూనె 45 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. ఎక్స్‌పెల్లర్ మిల్లు పిండినంతగా గానుగ పిండలేదు, కొంత పిండగా మిగిలే చెక్కలోనే ఉండిపోతుంది. అందుకే లీటరుకు సుమారు 2.4 కిలోల పప్పు పోతుంది. మంచి ఏడాది 250 రూపాయలు, కరువు ఏడాది 290. మిగిలే దాదాపు కిలోన్నర చెక్కను పాడి రైతులు కిలో 40కి తీసుకున్నారనుకుంటే 58 రూపాయలు వెనక్కి వస్తాయి. నికరంగా 192 లేదా 232. లీటరుకు 40 రూపాయల ఈ తేడా గానుగ తిరగకముందే, బస్తా దింపుకున్న రోజే ఖాయమైపోతుంది. కాబట్టి ధర మాట్లాడే ముందు బస్తా మూతి దగ్గర నుంచి కాకుండా మధ్య నుంచి రెండు కిలోల కాయ తీసి, అక్కడే ఒలిపించి, పప్పు తూకం వేయాలి. కిలో నాలుగొందల గ్రాములు వస్తే మంచి కాయ. కిలో రెండొందలే వస్తే దళారి ఎంత మొహమాట పెట్టినా ధర తగ్గించి అడగాల్సిందే.

ఇంకో పరీక్ష చేత్తోనే చేయాలి. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలలాడాలి. గింజను రెండు వేళ్ల మధ్య నలిపితే ఎర్రపొర ఊడిరావాలి, కొరికితే టక్కున విరగాలి. తేమ 8 శాతం దాటిన కాయ గోనె సంచిలో చెమ్మగిల్లి ఆకుపచ్చని బూజు పడుతుంది. ఆ బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ విషం వంట వేడికి పోదు. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేస్తారు కాబట్టి అక్కడ అది పోతుంది, గానుగలో ఆ అంచె లేదు. చెక్కలో ఉండిపోయింది పశువు తిని పాలలోకి వస్తుంది. కోతల మీద మబ్బు పట్టి తడిసిన కాయ చవగ్గా వస్తోందని ఎగబడేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. మన నూనె స్వచ్ఛమైనదని బోర్డు మీద రాసుకున్నాక రంగు మారిన గింజను, నొక్కుగింజను చేత్తో ఏరి పారేయడం మన బాధ్యత.

ఇప్పుడు పెద్ద లెక్క. నెలకు 300 లీటర్లు అమ్మే చిన్న గానుగకు ఏడాదికి 8,640 కిలోల పప్పు కావాలి. కాయగా చూస్తే 123 క్వింటాళ్లు, మద్దతు ధరకైనా దాదాపు 9 లక్షలు. యంత్రం ధరకు మూడింతలు! ఈ 9 లక్షల మాట యంత్రం అమ్మేవాడు చెప్పడు, ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ ఒక మూల చిన్న అంకెగా ఉంటుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే మొదటి నెల వడ్డీయే 18,000. నెలకు 75,000 చొప్పున అసలు తీర్చుకుంటూ వచ్చినా ఏడాదిలో వడ్డీ 1,17,000 అవుతుంది. లీటరు మీద 32 రూపాయలు.

దీనికి అద్దె 8,000, ఒక మనిషి జీతం 12,000, కరెంటు, మరమ్మతులు 4,000, యజమాని కూలి 15,000 కలపండి. నెలకు 39,000, అంటే 300 లీటర్ల మీద లీటరుకు 130. సీసా, లేబుల్‌కు 12. (రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ఇస్తే తప్ప విడి నూనె అమ్మకూడదన్నది ఆహార భద్రత నిబంధన, అందువల్ల సీసా ఖర్చు తప్పదు.) మొత్తం 366 రూపాయలు, అదీ కాయ బాగా పండిన ఏడాది. బోర్డు మీద చూస్తే ధర 280 అని ఉంటుంది. మరి ఆ తేడా ఎక్కడికి పోయింది? యజమాని తన కూలి రాసుకోలేదు, వడ్డీని నూనెలో కలపలేదు. ఇంట్లో కూర్చుని రోజంతా పప్పు ఏరుతున్న ఆడమనిషి కష్టమైతే పై లెక్కలోకే రాలేదు. అంటే ఊరికి చవక నూనె పోస్తున్నది ఆ కుటుంబమే, తనకు తెలియకుండానే.

నెలకు 600 లీటర్లు అమ్మితే అదే ధర 301కి దిగుతుంది, ఎందుకంటే అద్దె, జీతాలు రెట్టింపు లీటర్ల మీద పంచుకుంటాయి. అయితే 600 లీటర్లకు నవంబర్లో 18 లక్షల కాయ కావాలి. అమ్మకం పెంచమని సలహా ఇచ్చేవాళ్లు ఈ ముడిని చూడరు.

ప్రభుత్వ సాయం యంత్రం వైపు ఉంది, కాయ వైపు తక్కువ. 2020 జూన్‌లో మొదలై 2025-26 దాకా పొడిగించిన పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహారశుద్ధి యూనిట్లకు కేంద్ర సాయం) పథకంలో అర్హమైన ప్రాజెక్టు వ్యయం మీద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఉంది. సొంత వాటా కనీసం 10 శాతం పెట్టాలి. ఆ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే ఉండి, అప్పు సక్రమంగా కడుతుంటే తర్వాత అందులో జమ అవుతుంది. దాన్ని నమ్ముకుని కాయ కొందామనుకుంటే మొదటి నవంబర్లోనే ఇరుక్కుపోతారు. ఇదే పథకంలో పొదుపు సంఘాల మహిళలకు ఒక్కొక్కరికి 40,000 దాకా మూలధనం సమాఖ్య ద్వారా అప్పుగా అందే వీలుంది. కాయ కొనడానికి పనికొచ్చేది అది. ముద్ర రుణాల్లో కిశోర్ విభాగం కింద పూచీకత్తు లేకుండా 5 లక్షల దాకా అడగొచ్చు. అడిగేటప్పుడు టర్మ్ లోన్ కాకుండా ఓవర్‌డ్రాఫ్ట్ అడగాలి, వాడుకున్న డబ్బుకే వడ్డీ పడుతుంది.

అప్పును మోయడం కన్నా కష్టం ఖాతా పుస్తకం. "మామా, ఒకటో తేదీ ఇస్తాలే" అని క్యాన్ పట్టుకెళ్లిన మనిషి ఒకటో తేదీ దాటాక ఆ వీధినే రాడు. బాకీతో పాటు గిరాకీ కూడా పోతుంది. అడిగితే బంధుత్వం చెడుతుంది, అడగకపోతే రాత్రి నిద్ర పట్టదు. నెలకు ఐదు లీటర్లు తీసుకునే నలభై ఇళ్లు ఒక్క నెల ఆపితే, లీటరు 350 లెక్కన 70,000. నెలనెలా తీర్చాల్సిన అసలు 75,000. ఇంటింటికీ చూస్తే పదిహేడొందల యాభై, పెద్ద మొత్తమేమీ కాదు. అందుకే ఎవరికీ తాము ఒక గానుగను ఆపేస్తున్నామనిపించదు. వడ్డీ మనిషి కొట్టు ముందుకొచ్చి నిలబడిన రోజు ఆ యజమాని గొంతులో ఎండిపోయే తడి ఈ నలభై ఇళ్లలో ఎవరికీ కనిపించదు. ఇంట్లో చెప్పుకోలేడు, ఊళ్లో చెప్పుకుంటే పరువు. మొదటి క్యాన్ డబ్బు వచ్చాకే రెండో క్యాన్ అన్న నియమం షట్టర్ ఎత్తిన మొదటి రోజునే గోడ మీద ఉండాలి, సొంత బావమరిదికీ వర్తించాలి. మూడో ఏట పెడితే ఎవరో ఒకరి మీద కోపంతో పెట్టినట్టే కనిపిస్తుంది.

కాయ మొత్తం నవంబర్లోనే కొనాలన్నది మాత్రం అలవాటే. బోర్ల కింద, హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద రబీ కాయ మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. నవంబర్లో ఐదు నెలల సరుకు, ఏప్రిల్లో ఏడు నెలల సరుకు కొంటే ఎక్కువలో ఎక్కువ అప్పు 9 లక్షల నుంచి 5,25,000కు దిగుతుంది, రెండు రూపాయల వడ్డీ కూడా 1,17,000 నుంచి 64,500 అవుతుంది. అప్పుడు ముద్ర ఓవర్‌డ్రాఫ్ట్ దాదాపు సరిపోతుంది. కొన్నది పప్పుగా కాకుండా కాయగానే, కింద చెక్క పలకలు పరిచి గోడకు అడుగు దూరంలో పేర్చుకోవాలి. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే ఒలిపించుకోవాలి. రేకుల షెడ్డులో మే ఎండకు ఒలిచిన పప్పు ముక్కిపోతుంది, ఆ వాసన నూనెలో దాగదు.

రైతులు తెచ్చుకున్న పప్పును కూలికి ఆడించడాన్ని చిన్నతనంగా చూసేవాళ్లున్నారు. నిజానికి స్టాకు పెట్టుబడి లేకుండా అద్దె, జీతం మోసేది ఆ పనే. వాళ్ల ముందే తూకం వేసి, ఎవరిది వాళ్లకు విడిగా ఆడించి, మధ్యలో రోలు తుడిస్తే చాలు. ఇరవై ఇళ్ల దగ్గర ఆరు నెలల నూనె డబ్బు ముందే తీసుకున్నా 2 లక్షలు సమకూరుతుంది. వడ్డీ తప్పుతుంది గనుక లీటరుకు పదిహేను రూపాయలు తగ్గించి ఇవ్వొచ్చు. అది లాభం కాదు, నూనె రూపంలో తీర్చాల్సిన అప్పు. అందులో ఒక్క రూపాయీ ఇంటి ఖర్చుకు పోకూడదు.

ఖరీఫ్ ఎండిపోయి, కాలువకూ నీళ్లు సరిగా రాని ఏడాది ఈ రెండు కొనుగోళ్ల ఏర్పాటు కూడా కుదరదు. ఏప్రిల్ కాయ పలచబడి ధర ఎగబాకుతుంది. అలాంటి ఏడాది ముందే డబ్బు కట్టిన ఇళ్లకు సరిపడా కొని, మిగతా రోజులు కూలి గానుగ మీద గడపాలి. మిగిలినవాళ్లకు ఈ ఏడు నూనె లేదని నవంబర్లోనే చెప్పేయాలి.