సికిల్ సెల్ ఊపిరితిత్తికి గడ్డకట్టించిన ముక్కే దారి

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, మహారాష్ట్రలోని సిరొంచలోనూ, ఒడిశా వైపు మల్కనగిరి, కోరాపుట్‌లలోనూ సికిల్ సెల్ అంటే కీళ్ల నొప్పులు, రక్తం తక్కువ అనే లెక్క. కానీ ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ఊపిరితిత్తి. జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, ఎక్స్‌రేలో కొత్తగా తెల్ల మచ్చ కనిపిస్తే అది అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ కావచ్చు. కొడవలిలా వంగిన ఎర్రకణాలు సన్నని నాళాల లోపలి పొరకు అతుక్కుంటాయి. పగిలిన కణాల నుంచి కారే హిమోగ్లోబిన్, నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను హరిస్తుంది.

ఆ పొరలోని ఎండోథీలియల్ కణాలన్నీ ఒకటి కావు. వాయుకోశాల చుట్టూ రెండు రకాలున్నాయని 2020లో సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ (ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడిగా చదివే పద్ధతి) చూపించింది. ఏరోసైట్లు గాలి మార్పిడికి ప్రత్యేకించినవి. రెండో రకం సాధారణ కేశనాళిక కణాలు, దెబ్బ తగిలినప్పుడు విభజన చెంది నాళాన్ని బాగుచేసేవి. సికిల్ సెల్‌లో ముందు చెడేది వీటిలో ఏది? మన రోగుల కణజాలంలోనే చూడాలి. 2023 నాటి ఊపిరితిత్తుల కణాల సమగ్ర పటంలో 486 మంది నుంచి తీసిన 24 లక్షల కణాలున్నా, దాని మూల భాగానికి దాతల్లో దాదాపు మూడింట రెండొంతులు ఐరోపా మూలాల వాళ్లే. పైగా మన దగ్గర కనిపించే అరబ్-ఇండియన్ రకం సికిల్ జన్యువు ఉన్నవాళ్లలో పిండ హిమోగ్లోబిన్ (గర్భంలో ఉన్నప్పటి రకం, కణాలు వంగడాన్ని తగ్గించేది) ఎక్కువ. ఆఫ్రికా మూలాల రోగుల ఫలితాన్ని ఇక్కడికి అంటగట్టలేం.

తాజా కణజాలంతో చేద్దామంటే ముక్కను గంటల్లోనే ల్యాబ్‌కు చేర్చాలి. సిరొంచ నుంచి నాగపూర్ 300 కిలోమీటర్లకు పైమాటే. చేరినా, 37 డిగ్రీల వద్ద కొలాజినేజ్ వంటి ఎంజైమ్‌లో అరగంటకు పైగా నానబెట్టేసరికి కణాలు ఒత్తిడికి లోనై ఫాస్, జున్ అనే ఒత్తిడి జన్యువులను మోగిస్తాయి. జబ్బు గుర్తేదో, మన చేతి గుర్తేదో తేలదు. సికిల్ సెల్‌లో ఇంకో చిక్కు: లేత ఎర్రకణాలు ఎక్కువ కాబట్టి, అవి చిట్లితే వాటిలోని హిమోగ్లోబిన్ ఆర్‌ఎన్‌ఏ (జన్యువు నకలు), యంత్రం ఒక్కో కణాన్ని విడిగా పట్టే ప్రతి ద్రవ బిందువులోకీ చేరి, నాళకణం కూడా ఎర్రకణంలా కనబడుతుంది.

అందుకే మొత్తం కణాల బదులు, గడ్డకట్టిన ముక్క నుంచి కణాల కేంద్రకాలను తీసి వాటి ఆర్‌ఎన్‌ఏను చదవడమే మేలంటాం. శనగగింజంత ముక్కను ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, మైనస్ 80లో దాచి, డ్రై ఐస్‌లో పంపాలి. (పశువుల కృత్రిమ గర్భధారణ కేంద్రాల్లో ద్రవ నైట్రోజన్ డబ్బాలు ఎప్పటినుంచో ఉన్నాయి, ఈ సరఫరా మనకు కొత్త కాదు.) ఒక్కసారి కరిగి మళ్లీ గడ్డకడితే కేంద్రకాలు చిట్లుతాయి, ఆర్‌ఎన్‌ఏ పాడవుతుంది. ల్యాబ్‌లో ఐస్ మీదే నలిపి, 40 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, కడగాలి. కడగడం తగ్గితే హిమోగ్లోబిన్ మకిలి ఇక్కడా తప్పదు. కేంద్రకంలో ఆర్‌ఎన్‌ఏ తక్కువ, అందులోనూ కత్తిరింపు పూర్తికానిదే ఎక్కువ. విశ్లేషణలో ఇంట్రాన్ల (కత్తిరింపులో తీసేసే భాగాల) నుంచి చదివిన ముక్కలను కలుపుకోకపోతే సమాచారంలో పెద్ద భాగం పోతుంది.

మనిషికి పదివేల కేంద్రకాలు వచ్చినా లెక్కలో అది ఒక మనిషే. నలుగురి నుంచి 40 వేలు తెచ్చి, వాటిని 40 వేల నమూనాలుగా లెక్కగట్టే పేపర్లను నమ్మవద్దు. పోల్చాల్సింది మనిషితో మనిషిని.

పరిశోధన కోసమే సికిల్ రోగి ఊపిరితిత్తిలో సూది పెట్టడం తప్పు. వేరే కారణంతో జరిగే శస్త్రచికిత్సలో తీసిన భాగం, లేదా కుటుంబం ఒప్పుకున్న శవపరీక్ష, అంతే. ఆ అంగీకార పత్రం సిరొంచలో తెలుగు, మాడియా భాషల్లో చదివి వినిపించాకే ముక్క మీద చెయ్యి వెయ్యాలి.