సినిమా మెడ మీద జీవో కత్తి

నటుడు తనకు నచ్చిన పార్టీకి ఓటేయమని అడగొచ్చు. సీమకు ఇది కొత్త కాదు. హిందూపురం 1985, 1989, 1994లలో ఎన్టీఆర్‌ను అసెంబ్లీకి పంపింది, 2014 నుంచి వరసగా మూడుసార్లు బాలకృష్ణను గెలిపించింది. అది జనం ఇష్టం. కానీ అధికారంలో ఉన్నవాళ్లు సినిమావాళ్లను దారికి తెచ్చుకునే తీరును మాత్రం ఒప్పుకోలేం.

2021 ఏప్రిల్‌లో పవన్ కల్యాణ్ సినిమా విడుదలైన వారమే జీవో 35 వచ్చింది. పల్లెల్లో ఏసీ లేని హాళ్లలో కింది తరగతి టికెట్ 5 రూపాయలకు దిగింది. పేదవాడి కోసమన్నారు. కరెంటు బిల్లు కూడా రాదని హాళ్లవాళ్లు మొత్తుకున్నారు. 2022 ఫిబ్రవరిలో చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి అప్పటి ముఖ్యమంత్రి జగన్ దగ్గరికి వెళ్లారు. చిరంజీవి చేతులు జోడించి అడగడం రాష్ట్రమంతా చూసింది. మార్చిలో జీవో 13తో ధరలు పెరిగాయి. ప్రభుత్వం మారాకా పెద్ద సినిమాలకు ధర పెంచాలన్నా, బెనిఫిట్ షో వేయాలన్నా విడి ఉత్తర్వులే దిక్కయ్యాయి. రేపు సంతకం కావాల్సినవాడు ఇవాళ సీమ కరువు గురించి, హంద్రీ-నీవా నీళ్ల గురించి నోరు విప్పుతాడా?

2024 మే 11న, పోలింగ్‌కు రెండు రోజుల ముందు, అల్లు అర్జున్ నంద్యాలలో వైసీపీ అభ్యర్థి శిల్పా రవి ఇంటికి వెళ్లారు. జనం గుమిగూడారని కేసు పెట్టారు. నవంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆయనకు హైకోర్టు దాకా వెళ్లే స్తోమత ఉంది.

మన కుర్రాళ్లకు లేదు. అనంతపురంలో విడుదల ముందురోజు హాలు గేటుకు కట్టే ఫ్లెక్సీ చూడండి. మధ్యలో హీరో, పైన పార్టీ అధినేత, పక్కన ఎమ్మెల్యే, అడుగున వరసగా వార్డు పిల్లల చిన్న ఫొటోలు. రాత్రి ఎవరో చింపుతారు, గొడవవుతుంది. పొద్దున స్టేషన్ బెంచీ మీద కూర్చునేది అడుగు వరసలోని పిల్లలే, పై వరసలో ఉన్నవాళ్లెవరూ అటు రారు. ఇకపై గొడవలకు పోనని రాసిచ్చే బైండోవర్ కాగితం మీద సంతకం పెట్టిన బిడ్డకు రేపు కానిస్టేబుల్ ఉద్యోగం వెరిఫికేషన్‌లో ఏమవుతుందోనని తల్లిదండ్రులు కుమిలిపోతారు. వాళ్ల బాధ మాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాం.

టికెట్ ధరలకు అన్ని సినిమాలకూ వర్తించే ఒకే నిబంధన అసెంబ్లీలో చర్చించి చట్టంలో రాయాలి. సినిమాకో జీవో ఇచ్చే అధికారం ఏ మంత్రి చేతిలోనూ ఉండకూడదు. హీరోలు కూడా తమ బొమ్మ పక్కన నాయకుల బొమ్మలు వేయొద్దని అభిమాన సంఘాలకు రాతపూర్వకంగా చెప్పాలి. వచ్చే సంక్రాంతి సినిమాల ఫైళ్లు సచివాలయానికి చేరకముందే ఇవన్నీ జరగాలి.