శని చుట్టూ చిట్టి చందమామలు: ఫొటో కింద ఉండాల్సిన ఆ రెండు లైన్లు

2025 చివర్లో ఒక రాత్రి, హైదరాబాద్ నల్లకుంటలో మేముండే అపార్ట్‌మెంట్ డాబా మీద చిన్న టెలిస్కోప్ పెట్టి పిల్లలకు శని గ్రహాన్ని చూపించాను. లైన్లో అందరికంటే ముందు నిలబడ్డ రెండో అంతస్తు పిల్లాడు కన్ను ఆనించి, వెంటనే తల తిప్పాడు. "అంకుల్, రింగులేవి?"

వాడు అడిగింది సరైన ప్రశ్నే. పుస్తకంలో బొమ్మ చూస్తే వలయాలు టోపీ అంచులా వెడల్పుగా ఉంటాయి. ఆ నెలల్లో మాత్రం అవి మనవైపు పక్కవాటుగా తిరిగి, గోళంలో అడ్డంగా గుచ్చిన సూదిలా కనిపించాయి. ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 2,80,000 కిలోమీటర్లున్న ప్రధాన వలయాలు చాలాచోట్ల పది మీటర్ల మందం కూడా దాటవు. "మన బిల్డింగ్ ఎత్తంతే రా" అని చెప్పాను. వాడు డాబా అంచు దాకా వెళ్లి, పిట్టగోడ మీంచి కిందికి చూసి వచ్చాడు.

అప్పుడు ఫోన్ తీసి పాన్ ఫొటో చూపించాను. శని వలయాల మధ్య 325 కిలోమీటర్ల వెడల్పున ఎన్కే ఖాళీ అని ఒకటుంది. అందులో తిరిగే చిన్న చందమామ పేరు పాన్. 2017 మార్చి 7న, శని చుట్టూ తిరుగుతున్న కాసిని అనే అంతరిక్ష నౌక దాదాపు 24,600 కిలోమీటర్ల దూరం నుంచి దాన్ని ఫొటో తీసింది. మధ్యలో ఉబ్బు, నడుం చుట్టూ పల్చటి అంచు. పిల్లాడి వాళ్లమ్మ వంగి చూసి, "ఇదేంటండీ, పిండి ఎక్కువ పోసిన ఇడ్లీలా ఉంది!" అన్నారు. గుంట నిండి పొంగిన పిండి పళ్లెం మీద రేకులా పరుచుకుని ఉడుకుతుంది చూడండి, అచ్చం అలాగే ఉంటుంది. ఇంతకంటే మంచి పోలిక నాకు ఎక్కడా దొరకలేదు.

అదే ఫొటో అంతకు వారం ముందు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఎవరో నీలం, ఊదా రంగులు అద్దారు. కింద 'గ్రహాంతరవాసుల నౌక, ఇన్నాళ్లూ దాచిన రహస్యం' అని రాశారు. ఫొటో నిజం. దాని కింద మాట అబద్ధం. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. నిజమైన ఫొటో చుట్టూ మనం రాసే మాటలు సరిగా లేకపోతే, ఆ ఫొటో తీయడానికి పడ్డ శ్రమంతా మనదాకా వచ్చి ఆగిపోతుంది.

అసలు కథ ఆ అబద్ధం కంటే ఎంతో బాగుంటుంది. పాన్‌ను ఎవరూ ముందు కంటితో చూడలేదు. ఎన్కే ఖాళీ అంచుల్లో అలలు కనిపించాయి. అలలుంటే వాటిని లేపేది ఏదో ఉండాలి. ఆ లెక్క పట్టుకుని మార్క్ షోవాల్టర్ అనే శాస్త్రవేత్త వాయేజర్ అంతరిక్ష నౌకలు పంపిన, దాదాపు పదేళ్ల పాత ఫొటోలు మళ్లీ తిరగేసి, 1990లో దాన్ని పట్టుకున్నారు. అప్పటికి అదొక చుక్క. ఇరవయ్యేడేళ్ల తర్వాత ఆ చుక్క ఆకారం ఇంత దగ్గరగా కనిపించింది. పొడవు వైపు 34 కిలోమీటర్లు, పై నుంచి కిందికి 21. మన ఔటర్ రింగ్ రోడ్డు లోపల పెడితే ఇంకా చోటు మిగులుతుంది.

ఆ అంచు ఎలా వచ్చింది? ఇక్కడే డాబా మీద చూసిన సూది పనికొస్తుంది. వలయాలు అంత పల్చగా ఉన్నాయి కాబట్టి, వాటిలోని మంచుపొడి పాన్ మీద పడితే నడుం దగ్గరే పడుతుంది, పైనా కిందా పడదు. పాన్‌కు ఆకర్షణ బలం చాలా తక్కువ కాబట్టి పడిన పొడి గట్టిగా అణగకుండా అలాగే పేరుకుంటుంది. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. అట్లాస్ అనే మరో చందమామకూ ఇలాంటి అంచే ఉంది. అసలు ఈ ఆకారాలు రెండు చిన్న చందమామలు మెల్లగా గుద్దుకుని అతుక్కోవడం వల్ల వచ్చాయని 2018లో ఇంకో వాదన కూడా వచ్చింది. నాకు మొదటిదే నమ్మకంగా అనిపిస్తుంది. ఎందుకంటే ఫొటోలో అంచు నున్నగా, మధ్య భాగం గరుకుగా కనిపిస్తుంది. రెండూ ఒకే కాలంలో ఒకే తీరున తయారైనట్టు లేవు.

డాఫ్నిస్ అనే చందమామ ఇంకా చిన్నది, దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. చార్మినార్ నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు గీత గీస్తే ఇంచుమించు అంతే. 42 కిలోమీటర్ల వెడల్పున్న కీలర్ ఖాళీలో తిరుగుతూ, వెళ్లిన దారి పొడుగునా రెండు అంచుల్లోనూ అలలు లేపుతుంది. 2009లో సూర్యుడి వెలుగు వలయాల మీద ఏటవాలుగా పడినప్పుడు ఆ అలల నీడలు పొడవుగా సాగాయి. నీడ పొడవును బట్టి లెక్కగట్టి, అలలు కిలోమీటరుకు పైగా ఎత్తున లేస్తున్నాయని చెప్పారు. పది మీటర్ల మందం లేని చోట కిలోమీటరు ఎత్తు అల! సాయంత్రం కరెంటు స్తంభం నీడ కొలిచి ఎత్తు చెప్పే స్కూలు లెక్కే ఇది, శని దగ్గర చేశారు.

ఫొటో అంటే అందం కోసం అనుకుంటాం గానీ, ఇక్కడ ఫొటో సాక్ష్యం. ఒక్కోసారి అది రెండో సాక్షి కూడా. 504 కిలోమీటర్ల ఎన్సెలాడస్ అనే శని చందమామ సంగతే తీసుకోండి. 2005 మొదట్లో దాని దగ్గర శని అయస్కాంత క్షేత్రం వంగుతోందని కెమెరా కాదు, వేరే పరికరం పట్టుకుంది. దాంతో ఆ జులైలో నౌకను 173 కిలోమీటర్ల దగ్గరికి పంపారు. నవంబరులో, సూర్యుడు వెనక ఉండగా తీసిన ఫొటోల్లో దక్షిణ ధ్రువం నుంచి మంచు ఫౌంటెన్లు ఎగజిమ్ముతూ కనిపించాయి. పైన మంచు పెంకు, లోపల ఉప్పునీటి సముద్రం. ఆ ఫౌంటెన్లలోని ఆవిరిలో హైడ్రోజన్ ఉందని 2017లో, మంచుపొడిలో ఫాస్ఫేట్లు ఉన్నాయని 2023లో ప్రకటించారు. జీవం దొరికిందని కాదు, జీవానికి కావాల్సిన సరుకులు ఉన్నాయని. ఈ తేడా మన హెడ్డింగుల్లో చాలాసార్లు కనిపించదు. నాకు బాధ కలిగేది అక్కడే.

ఇంకో ముచ్చట. ఆ మంచుపొడి దూరం వెళ్లి ఇరుగుపొరుగు చందమామలకు సున్నం వేస్తోంది. వలయాల్లోనే ఉండే పాన్, డాఫ్నిస్ కాస్త ఎర్రటి ఛాయలో ఉంటాయి, బయటికి పోయేకొద్దీ ఆ ఎరుపు తగ్గుతుంది. హైపీరియన్ అనే ఇంకో చందమామ స్పాంజిలా చిల్లులమయం. మీథోన్ అనేది కోడిగుడ్డులా ఎంత నున్నగా ఉంటుందంటే, అంతరిక్షంలో అంత నున్నటి చందమామ ఎలా వచ్చిందా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. 2025 మార్చి నాటికి శని చందమామల లెక్క 274. వాటిలో మనం దగ్గరగా చూసినవి చాలా తక్కువ.

కాసిని పదమూడేళ్లు అక్కడే తిరిగి 4,53,048 ఫొటోలు తీసింది. కెమెరా ఒక్క మెగాపిక్సెల్, ఫొటోలు నలుపు తెలుపు. రంగు కావాలంటే వేర్వేరు ఫిల్టర్లతో తీసినవి కలపాలి. ఇవేవీ బీరువాలో దాచలేదు, ఫోన్ ఉన్న ఎవరైనా చూడొచ్చు. 'దాచిన రహస్యం' అన్న మాటకు ఇదే జవాబు.

ఇలాంటి ఫొటోలను చదవడం మన ఊరికి కొత్త కాదు. 1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీలో గాజు పలకల మీద పడ్డ నక్షత్రాలను ఒక్కొక్కటిగా కొలిచి, లక్షల నక్షత్రాల స్థానాలు రాశారు. ఇవాళ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ పనే పై నుంచి తీసిన ఫొటోలను చదవడం. అలాంటి ఫొటోల్లో పచ్చటి పొలం ఎర్రగా కనిపించడం మామూలే. అది కావాలని వేసిన రంగని అక్కడి వాళ్లకు తెలుసు, పక్కన తేదీ, స్కేలు ఉంటాయి. అదే అలవాటు మన వార్తల్లోకి ఎందుకు రాకూడదు? చిత్రకారుడు ఊహించి గీసిన బొమ్మను ఫొటోలా వేస్తున్నారు, ఫొటోను తేదీ లేకుండా వేస్తున్నారు. ఫొటోనా బొమ్మా, ఎప్పుడు తీశారు, ఎంత దూరం నుంచి, రంగు సహజమా కలిపిందా. రెండు లైన్లు చాలు. తెలుగులో ఇంకో చిక్కు కూడా ఉంది. చందమామనూ, మనం పంపే శాటిలైట్‌నూ ఒకే మాటతో 'ఉపగ్రహం' అంటాం. 'శని ఉపగ్రహం ఫొటో' అని రాస్తే, అది తీసిన ఫొటోనా, దాన్ని తీసిన ఫొటోనా పాఠకుడికి తెలియదు. అందుకే నేను చందమామ అనే రాస్తాను.

దీనికి తొందర కూడా ఉంది. ఎన్సెలాడస్‌కు, టైటాన్ అనే శని పెద్ద చందమామకు భూమి మీది సూక్ష్మజీవులు అంటకూడదని 2017 సెప్టెంబరు 15న కాసినిని శనిలోకే దించి కాల్చేశారు. తర్వాత వెళ్లేది డ్రాగన్‌ఫ్లై అనే నౌక. 2028లో బయల్దేరి 2034లో చేరాలని ప్లాన్, అదీ టైటాన్ కోసమే. పాన్‌కు ఇంకో దగ్గరి ఫొటో ఎప్పుడొస్తుందో ఎవరూ తేదీ ఇవ్వలేదు. మా రెండో అంతస్తు పిల్లాడు పెద్దయ్యేదాకా వాడికి ఉండేది ఈ ఫొటోలే కావచ్చు.

ఆ రాత్రి టెలిస్కోప్ సర్దుతుంటే వాళ్లమ్మ ఆ ఫొటో గ్రూపులో పెట్టమన్నారు. రంగులు లేనిదే పెట్టి కింద ఇలా రాశాను: 'పాన్, శని చందమామ. ఫొటోనే, బొమ్మ కాదు. 2017 మార్చి 7, దాదాపు 24,600 కి.మీ. దూరం నుంచి. ఇందులో ఒక్కో చుక్క సుమారు 150 మీటర్లు, అంటే హుస్సేన్‌సాగర్ బుద్ధుడంత రాయి ఉన్నా కనిపించదు.' పదిన్నర దాటాక, మొన్న నౌక అని పంపిన పెద్దాయనే అడిగారు: "అయితే రెండో వైపు ఎలా ఉంటుందండీ? ఆ ఫొటో కూడా ఉందా?"