మినిమమ్ డ్యూ గారికి నమస్కరించి వ్రాయునది

ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో నేను క్షేమం, అంటే ఓనర్ ఆంటీ అద్దె అడగని రోజుల్లో క్షేమం. మీరు అక్కడ నా క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ రెండో లైన్‌లో క్షేమంగా ఉంటారని తెలుసు, మీకేం రోగం.

మార్చిలో ఉద్యోగం పోయింది. కార్డు మీద 1,80,000 బాకీ. టోటల్ డ్యూ గారు గుడ్లురిమి చూస్తుంటే మీరు పక్కనుంచి మెల్లగా, "అంతా వద్దులే నాయనా, 5 శాతం పడేయ్, 9,000 చాలు" అన్నారు. ఆ క్షణంలో మీరు నాకు మేనమామలా కనిపించారు. నాలుగు నెలలు కట్టాను. బాకీ మాత్రం పెద్దగా కదల్లేదు.

ఓ రాత్రి కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను. నెలకు 3.75 శాతం వడ్డీ, అంటే 6,750. దాని మీద 18 శాతం జీఎస్‌టీ 1,215. మీకిచ్చిన 9,000లో అసలుకి చేరింది 1,035. అనంతపురంలో మా నాన్నకు ఫోన్‌లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నూటికి మూడు రూపాయల ముప్పావలా వడ్డీనా? రెండు రూపాయలకిచ్చే షావుకారుని ఊరంతా తిట్టేవాళ్లం కదరా" అన్నారు. షావుకారుకి యాప్ లేదు నాన్నా, అదే తేడా.

మీ గురించి రిజర్వ్ బ్యాంకుకీ అనుమానమే. మినిమమ్ మాత్రమే కడితే అప్పు ఏళ్ల తరబడి సాగుతుందని స్టేట్‌మెంట్‌లో హెచ్చరిక వేయాలని 2022 నిబంధనల్లో రాసింది. వేశారు లెండి, చీమ చదవడానికి వీలుగా.

అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు వీణ వాయించాక ఒకమ్మాయి వచ్చి, "సార్, మీరు రెగ్యులర్‌గా కడుతున్నారు కాబట్టి మీకు ఏ రిలీఫూ రాదు" అంది. మరి కట్టకపోతే? మూడు నెలలు ఎగ్గొడితే సెటిల్‌మెంట్ మాట్లాడతారట, కాకపోతే మన అప్పుల చరిత్ర రాసుకునే సిబిల్‌లో 'సెటిల్డ్' అనే మచ్చ పడి ఇంకో లోన్ కోసం ఏళ్ల తరబడి తిరగాలి. బుద్ధిమంతుడికి వడ్డీ, మొండివాడికి డిస్కౌంట్. ఇంత చక్కటి న్యాయం మా ఊరి రచ్చబండ దగ్గర కూడా చూడలేదు. (ఆ మధ్య ఒక నెల మీకు కట్టడం ఆలస్యమైతే రాత్రి 7:40కి ఒకాయన ఫోన్ చేసి గొంతు పెంచాడు. ఉదయం 8 నుంచి సాయంత్రం 7 వరకే కదా అండీ రికవరీ కాల్స్ అంటే ఠక్కున పెట్టేశాడు, పాపం ఆయనకూ టార్గెట్లుంటాయి.)

చివరికి బ్యాంకుకి మెయిల్ రాశాను. జీతం ఆగిన తేదీ, రిలీవింగ్ లెటర్, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి, నెలకు ఆరు వేల చిల్లర వరకే కట్టగలను, మొత్తం బాకీని ఈఎంఐ చేయండి, కార్డు బ్లాక్ చేసినా పర్వాలేదని అడిగాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తానని కింద మర్యాదగా ఒక లైను. పంతొమ్మిదో రోజు వాళ్లే ఫోన్ చేశారు. 15 శాతం వడ్డీ, 36 నెలలు, నెలకు 6,240, జీఎస్‌టీ వేరు. ఒప్పందం మెయిల్‌లో వచ్చేదాకా రూపాయి కట్టనన్నాను, పంపారు.

మీకన్నా తక్కువ, పైగా దీనికొక చివరి తేదీ ఉంది. ఈ సంగతి నాలుగు నెలల్లో ఒక్కసారైనా నా చెవిలో వేయొచ్చు కదండీ, మేనమామ వరసన్నాను కూడా.

నిన్న కొత్త స్టేట్‌మెంట్ వచ్చింది. కార్డు గీకడం మానేశాను కాబట్టి టోటల్ డ్యూ గారి అంకె, మీ అంకె ఒకటే. పక్కపక్కన ఇద్దరూ బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు.

ఇట్లు,
మీ పాత మేనల్లుడు