పాఠకుడి బెడద లేకుండా పుస్తక ప్రచారం

రచయిత సొంత డబ్బుతో పుస్తకం అచ్చు వేసుకోవడం బెజవాడకు కొత్త కాదు. ప్రచురణకర్తగా శ్రీమతి పేరు, ‘ప్రతులకు’ అన్నచోట సొంత ఇంటి చిరునామా ఉన్న పుస్తకాలు ఏలూరు రోడ్డు షాపుల్లో ఎప్పుడూ ఉన్నాయి. వెనకటికి ఆ పుస్తకాలకు ఒకటే పెద్ద లోపం. వాటిని ఎవరో ఒకరు చదవాల్సి వచ్చేది. సామాజిక మాధ్యమాలు వచ్చి ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దాయి. ఈ సౌకర్యాన్ని మన రచయితలు ఇంకా సగమే వాడుకుంటున్నారన్న బాధతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన పెద్దలు ఈ విషయంలో ఎంత వృథా శ్రమ పడ్డారో తలుచుకుంటే జాలేస్తుంది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు, ఆయన మిత్రులు ఇదే ఊళ్లో సభ పెట్టి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించారు. ఊరూరా చదివేవాళ్లను తయారు చేయాలన్నది వారి పట్టుదల. 1935లో పాతూరి నాగభూషణంగారు ఇంకో అడుగు ముందుకు వేసి, గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు వేసి ఊళ్లకు చేరవేశారు. పుస్తకాన్ని మోసుకుని మనిషి దగ్గరకు వెళ్లడం! అదే పడవ ముందు నిలబడి ఒక ఫొటో దిగి, తెలిసిన వాళ్లందరినీ ట్యాగ్ చేసే వీలుంటే ఆ కాలువ గట్ల వెంట తిరగాల్సిన అవస్థ తప్పేది.

ప్రచారం పుస్తకం పూర్తికాక ముందే మొదలుకావాలి. అన్నిటికన్నా సులువైనది, రెండు ముఖచిత్రాలు పెట్టి ‘ఏది బాగుంది మిత్రులారా?’ అని అడగడం. కథ గురించి నోరు విప్పనివారు కూడా రంగుల గురించి నిస్సంకోచంగా తీర్పు చెబుతారు. ఎక్కువమంది రెండోది బాగుందని తేల్చాక మీరు మొదటిదే వేయించుకోవచ్చు. ఎవరూ గమనించరు. ఇందులో ఒక ధర్మసూక్ష్మం ఉంది. అట్ట మీద అభిప్రాయం చెప్పినవారు ఆ పుస్తకానికి తాము చేయవలసినది చేసేశామన్న తృప్తిలో ఉంటారు. వారిని మళ్లీ కొనమని అడగడం మర్యాద కాదు.

తర్వాత ఐఎస్‌బీఎన్, అంటే ఒక్కో పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే అంతర్జాతీయ ప్రామాణిక సంఖ్య. ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ పేరున ఉన్న సంస్థ ఈ పదమూడంకెల సంఖ్యను ఉచితంగానే ఇస్తుంది. రచయిత తానే ప్రచురణకర్త అయినా ఇస్తుంది. లోపల ఏమున్నదని అడగదు. అయినా సరే, ఆ సంఖ్య వచ్చిన రోజు ‘నా పుస్తకానికి అంతర్జాతీయ గుర్తింపు’ అని పోస్టు పెట్టడానికి చట్టపరమైన అడ్డంకి ఏమీ లేదు. అభినందనలు వాటంతట అవే వస్తాయి. ఏ దేశం గుర్తించిందని అడిగినవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

అసలు కార్యక్షేత్రం మాత్రం వాట్సాప్ గ్రూపే. ఒక గ్రూపులో 1024 మందిని చేర్చుకోవచ్చు. సాహితీ గ్రూపు కాబట్టి అందులో అందరూ రచయితలే ఉంటారు, అందరి దగ్గరా అమ్ముడుపోవాల్సిన పుస్తకం ఒకటి ఉంటుంది. బయటివాళ్లకు ఇది చిక్కులా కనబడవచ్చు. నిజానికి ఇదే బలం. ఇక్కడి వ్యవహారం పెళ్లి చదివింపుల లాంటిది. ఎవరెంత రాయించారో మన దగ్గర లెక్క ఉండాలి, వాళ్లింట్లో శుభకార్యానికి అంతకు అంత ముట్టజెప్పాలి. కాబట్టి ప్రతి రచయితా ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ‘అభినందనలు’ అని మాత్రమే అన్నవారు ఒక పేజీలో, ‘హృదయపూర్వక అభినందనలు’ అన్నవారు మరో పేజీలో, పూలగుత్తి బొమ్మ పెట్టి ఊరుకున్నవారు చివర. అయిదు వాక్యాలు రాసిన పెద్దమనిషి రేపు శతకం వేస్తే మనమూ అయిదు వాక్యాలు రాయాలి. నాలుగు రాస్తే ఆయనకు తెలిసిపోతుంది. పద్యంలో యతి తప్పినా క్షమిస్తారు కానీ ఇది క్షమించరు.

అయిదు వాక్యాలు రాయాలంటే చదవాలి కదా అని కొత్తవారు కంగారు పడతారు. అక్కర్లేదు. ‘వస్తువు, శిల్పం, శైలి చక్కగా సమకూరిన రచన. పాత్రలు మన చుట్టూ తిరుగుతున్నట్టే ఉంటాయి. ముఖ్యంగా ముగింపు ఆలోచింపజేస్తుంది.’ ఇది నవలకు పనికొస్తుంది, కవిత్వానికి పనికొస్తుంది. మధుమేహ రోగుల ఆహార నియమాల పుస్తకం కింద కూడా ఈ మాటలు చూశాను. అక్కడ ముగింపు నిజంగానే ఆలోచింపజేసేదిగా ఉంది.

ఆవిష్కరణ సభ గురించి ఒక అపోహ తొలగించాలి. అది శ్రోతల కోసం జరిపేది కాదు, ఫొటోల కోసం జరిపేది. కెమెరా వేదికకు బాగా దగ్గరగా ఉండాలి. వెనక్కి జరిగితే ఖాళీ కుర్చీలు సాహిత్య విమర్శ మొదలుపెడతాయి. పుస్తకాన్ని ముఖానికి అడ్డం రాకుండా, అట్ట కెమెరా వైపు ఉండేలా పట్టుకోవాలి. తలకిందులుగా పట్టుకున్న వక్తను నెమ్మదిగా సరిచేయాలి. ‘పుస్తకం ఇప్పుడే నా చేతికి వచ్చింది, అయినా రచయితను ముప్ఫై ఏళ్లుగా ఎరుగుదును’ అని ముఖ్య అతిథి అన్నప్పుడు చప్పట్లు కొట్టాలి. అంతా ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేయాలి. చూస్తున్నవారు ఏడుగురని కనబడుతుంది. వారిలో నలుగురు ఆ హాల్లోనే కూర్చుని ప్రసారం సరిగా వస్తోందో లేదో చూస్తుంటారు.

రీల్స్ గురించి ఎక్కువ చెప్పను. అరవై దాటిన కవి ప్రకాశం బ్యారేజీ మీద మెల్లగా నడుస్తూ, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూడటం, వెనక వీణ మోగడం... చూసినవారికి తెలుసు.

ఫేస్‌బుక్‌కు డబ్బు కట్టి పోస్టును బూస్ట్ చేయించుకునే, అంటే ఎక్కువమందికి చూపించుకునే మార్గమూ ఉంది. ఎవరికి చూపించాలో, ఏ ఊళ్లో చూపించాలో ఎంచుకోమని అడుగుతుంది. అవేవీ పట్టించుకోకుండా డబ్బు కట్టేస్తే దూరాభారాలు లేకుండా లైకులు వస్తాయి. వారిలో తెలుగు అక్షరం ముక్క తెలిసినవారు ఎందరన్నది అప్రస్తుతం.

జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం వస్తుంది. ఏళ్ల తరబడి స్వరాజ్ మైదానంలో జరిగింది. అక్కడ అంబేద్కర్ స్మృతివనం వచ్చాక వేరే మైదానాలకు మారింది. అక్కడికి నిజంగా చదివేవారు వస్తారు కాబట్టి కొంచెం మెలకువగా ఉండాలి. మిరపకాయ బజ్జీ తింటూ వచ్చిన కుర్రవాడి రెండో చేతిలో పుస్తకం పెట్టి ఫొటో తీసి, ‘యువతలో పెరుగుతున్న పఠనాసక్తి’ అని రాసి వెంటనే పెట్టేయండి. ఫొటో తీశాక పుస్తకం వెనక్కి తీసుకోవడం మరవకండి. నూనె మరకలు పోవు.

ఇక ప్రమాదాల సంగతి. మన డీటీపీ వారు చాలామంది పుస్తకాన్ని ‘అను’ అనే ఫాంట్లలో కూర్చి ఇస్తారు. ఆ ఫైలులోంచి ఒక పేరా తీసి ఫేస్‌బుక్‌లో అతికిస్తే తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన టోపీలు పెట్టుకున్న అక్షరాలు, ఎక్కడెక్కడివో గుర్తులు కలగాపులగంగా వస్తాయి. రచయితకు ఇంతకు మించిన రక్షణ కవచం లేదు. కానీ కొందరు దాన్ని యూనికోడ్‌లోకి మార్పించుకుంటున్నారు. అలా మార్చిన వాక్యం ఫోనులో తెలుగులాగే కనబడుతుంది, గూగుల్‌లో వెతికితే దొరుకుతుంది కూడా. అక్కడితో ఆగుతారా! వారానికొకసారి పుస్తకంలోంచి ఒక మంచి పేజీ తీసి మొత్తం పెడతారు. కింద ధర, పోస్టు ఖర్చు, డబ్బు పంపాల్సిన ఫోను నంబరు విడమరిచి రాస్తారు. అభినందనలు చెప్పినవారికి కాకుండా, ప్రశ్న అడిగినవారికి ముందు జవాబిస్తారు. సాటి రచయితలను వదిలేసి, తమ కథలో ఏ ఊరుందో ఆ ఊరి వాళ్ల గ్రూపుల్లోకి, ఏ వృత్తి ఉందో ఆ వృత్తి వాళ్ల దగ్గరకు వెళతారు. నేత మీద నవల రాస్తే మంగళగిరి వాళ్లకు చూపిస్తారన్నమాట.

ఇలాంటివారికి పుస్తకాలు అమ్ముడుపోతాయి. ఆ తర్వాత వారు పడే అవస్థ చెప్పనలవి కాదు. అట్టముక్కలు కత్తిరించాలి, చిరునామాలు రాయాలి, పిన్‌కోడు రాయని పెద్దమనిషికి ఫోను చేయాలి, పోస్టాఫీసు వరుసలో నిలబడాలి. చవకగా వెళ్లే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశారు. ఆ భారం కూడా పుస్తకం ధర మీదే పడుతుంది. మంచం కింద కట్టలు తరిగిపోతుంటే రెండో ముద్రణ ఆలోచన వస్తుంది. నెమ్మదిగా బతుకుతున్న మనిషికి ఇదంతా అవసరమా?

మన పద్ధతిలో పోయినవారికి ఈ బాధలేవీ ఉండవు. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఒకసారి ఒక పాఠకుడు తగులుతాడు, అది వేరే విషయం. తెనాలిలో రిటైరైన లెక్కల మాస్టారు ఎవరో, ఎవరి ఇంట్లోనో చేతికందిన మీ నవల తీరిగ్గా చదివేస్తారు. రాత్రి పదకొండు గంటలకు మెసేజి పెడతారు. ‘43వ పేజీలో తాతగారు కాలం చేశారు. 71వ పేజీలో కాఫీ అడుగుతున్నారు. వీరు వేరే తాతగారా?’

కంగారు పడకూడదు. వెంటనే జవాబివ్వకూడదు. ముందు పుస్తకం తెరిచి తాతగారి పరిస్థితి స్వయంగా తెలుసుకోవాలి. ఉదయం ‘మీ లోతైన పరిశీలనకు ధన్యవాదాలు గురువుగారూ’ అని ఒక పూలగుత్తి పంపాలి. ఆయన వదలక 88వ పేజీ ప్రస్తావన తెస్తే ఇక ఉపేక్షించరాదు. మీ తర్వాతి పుస్తకానికి ముందుమాట రాయమని వినయంగా కోరండి. ముందుమాట రాసేవారు పుస్తకం చదివే ఆచారం మనకు లేదు కాబట్టి, అక్కడితో ఆయన కూడా మనవారే అవుతారు.