అనుభవం చూసి చేర్చుకుంటే ప్రమాణం తగ్గుతుందా?
పాఠశాల చదువు పూర్తికానివారిని వయసు, పని అనుభవం చూసి డిప్లొమాలో చేర్చుకుంటే ప్రమాణాలు పడిపోతాయన్న వ్యాసకర్త మాటతో ఏకీభవించలేను. ఆ దారిలో వచ్చేవారిని సాధారణంగా ఊరికే చేర్చుకోరు. చాలా కళాశాలలు గణితంలో, బోధన భాషలో పరీక్ష పెడతాయి, చేసిన పనికి ఆధారాలు అడుగుతాయి. చేరాక అందరికీ ఒకే సిలబస్, ఒకే చివరి పరీక్ష. ఇక తగ్గేదెక్కడ? నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినప్పుడు ఏళ్ల తరబడి వైరింగ్ పని చేసి వచ్చినవారు మా తరగతిలో ఉండేవారు. ప్రయోగశాలలో మేమే వాళ్లను అడిగి నేర్చుకునేవాళ్లం. త్రికోణమితి, సంకీర్ణ సంఖ్యల దగ్గర మాత్రం వాళ్లు బాగా తడబడేవారు. అవి రాకుండా ఏసీ (ఏకాంతర విద్యుత్) సర్క్యూట్ల లెక్కలు ముందుకు సాగవు. కాబట్టి అడగవలసింది ఈ లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు గురించి. దాన్ని తరగతులు మొదలుకాకముందే పెడుతున్నారా, లేక విద్యార్థి మొదటి సెమిస్టర్ తప్పాక గుర్తుకొస్తోందా? ఇంకొకటి, అనుభవాన్ని బట్టి ప్రవేశం ఇవ్వడం వేరు, అదే అనుభవానికి క్రెడిట్లు ఇచ్చి కొన్ని సబ్జెక్టులు మినహాయించడం వేరు. వ్యాసంలో రెండూ కలగలిసిపోయాయి. రెండోదానిపై అభ్యంతరమంటే అర్థం చేసుకోగలను, ముఖ్యంగా భద్రతా నియమాల సబ్జెక్టును మినహాయిస్తుంటే.